పొద్దున చేసిన మడత

నేను ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టెను. ఇత్తడి ఒళ్లు, చెక్క పిడి, మూతకు కోడిపుంజు బొమ్మ గొళ్లెం. బరువు అయిదు కిలోలు. గిద్దలూరు సంతలో నన్ను అమ్మిన కంచరి మూడు తరాలు పనిచేస్తానని నా తరఫున ఒట్టేశాడు. అమ్మేవాడి ఒట్టు సంగతి మీకు తెలియనిది కాదు. రెండు తరాలు చూశాను, చాలనిపించింది.

నన్ను కొన్నవాడు తిరుపాలు. పటాలంలో ధోబీగా చేరబోతూ కొన్నాడు. ఆయన వెంట ఎండల్లోనూ మంచులోనూ తిరిగి, ఇరవై నాలుగేళ్లు యూనిఫారాల మీద నడిచాను. మనుషులు తెలియాలంటే ఇస్త్రీ గదిలో కూర్చోవాలి. బయట మీసం మెలేసే ఆఫీసరు కూడా చొక్కా విప్పి బనియనుతో నిలబడితే ఇంటి బెంగ చెప్పుకుంటాడు. చొక్కా తొడుక్కున్నాక మనమెవరో ఎరగడు. తిరుపాలు ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. కొండల మీది నుంచి వచ్చిన బట్టల్లో మరకలుంటే అవి దేనివో ఆయనకు తెలుసు. ఉతికేవాడు, ఆరేసేవాడు, నా కిందికి తోసేవాడు.

ఆయన ఎన్నడూ తుపాకీ పట్టలేదు. కొడుకు ఓబులేసు పట్టాడు, అదీ అదే పటాలంలో. ధోబీ కొడుకు సిపాయి అయ్యాడని తిరుపాలుకు నెల రోజులు కాలు నేల మీద ఆనలేదు. ఆయన రిటైరై గిద్దలూరు బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్న రెండేళ్లకు కబురొచ్చింది. ఓబులేసు తుపాకీ ముట్టనంటున్నాడు. వంట చేస్తాను, నీళ్లు తెస్తాను, గాయపడ్డవాళ్లను మోస్తాను, తుపాకీ మాత్రం పట్టనన్నాడట. ఆజ్ఞ మీరాడని మిలిటరీ కోర్టులో కేసు పెట్టారు.

తిరుపాలు నన్ను గోనెసంచిలో చుట్టుకుని రైలెక్కబోయాడు.

"కోర్టుకు ఇస్త్రీపెట్టె ఎందుకంట?" అంది భార్య చెన్నమ్మ.

"వాని చొక్కా ఇంకొకడు చేస్తే నాకు మనసొప్పదు" అన్నాడు.

ఆ కోర్టులో ముద్దాయి పక్కన స్నేహితుడు అనే పేరుతో ఒకరిని కూర్చోనిస్తారు. అతను ముద్దాయి చెవిలో చెప్పవచ్చు గానీ కోర్టుతో మాట్లాడకూడదు. తిరుపాలు ఆ కుర్చీలో కూర్చున్నాడు. బతుకంతా నోరెత్తని మనిషికి తగిన కుర్చీయే దొరికింది. మొదటి రోజు కొడుకు బెల్టు తళతళలాడించి, టోపీకి కూడా గంజి పెట్టి పంపాడు. ముద్దాయికి బెల్టూ టోపీ ఉండకూడదని గుమ్మం దగ్గరే ఊడదీసి ఆయన చేతిలో పెట్టారు. సాయంత్రం దాకా వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కోర్టు పక్కనే తిరుపాలు పనిచేసిన పాత ఇస్త్రీ గది; నన్ను అక్కడే దించాడు. కొడుకు తరఫున వాదించే కెప్టెన్ జగన్నాథం విజయనగరం వాడు. రెండో రోజు సాయంత్రం తన చొక్కా కూడా తెచ్చి, బనియనుతో నిలబడ్డాడు.

"తిరుపాలూ, రేపటితో అయిపోతుంది. భయపడ్డాను, తప్పయింది అని మీవాడు ఒక్క మాటంటే చిన్న శిక్షతో పోతుంది. లేదంటే జైలే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నువ్వు చెబితే వింటాడు."

"చెప్తా సార్" అన్నాడు తిరుపాలు. నిజంగానే చెప్పాలనుకున్నాడు.

మర్నాడు పొద్దున కాపలావాడు ఓబులేసును తీసుకొచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. తిరుపాలు కొడుకు చొక్కా పరిచి నీళ్లు చిలకరించాడు.

"భయపడినానని చెప్పు ఓబులేసా. భయపడితే తప్పేముంది? మీ అమ్మ అన్నం ముట్టడం లేదు."

"భయం కాదు నాయనా" అన్నాడు ఓబులేసు. "గుట్ట మీద ఒక మనిషిని కాల్చినా. ఆర్డరొచ్చింది, కాల్చినా. శత్రువని రాసుకున్నారు. దగ్గరికి పోతే ఇస్త్రీ చొక్కా. పొద్దున చేసిందే. చేతి మీద మడత కత్తి మాదిరి ఉంది. చంపేదానికి వచ్చేటోడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడా? ఏ పెండ్లికో పోతా ఉంటాడు. రాసేటాయనకు చెప్పినా. మడత సాక్ష్యమెట్లవుతాదిరా అని నవ్వినాడు."

అందరికీ రక్తం కనపడింది. వీడు నా పక్కన పెరిగినవాడు కాబట్టి మడత కనపడింది.

ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా బట్ట మీద మరవని తిరుపాలు ఆ పొద్దు మరిచాడు. పొగ లేచింది. చొక్కా అంచున, ప్యాంటులోకి దోపుకునే చోట, నా ముక్కు ఆకారం గోధుమరంగులో పడింది. నాకేమీ అనిపించలేదు. ఆయన ముఖంలోనూ ఏమీ లేదు.

"కనపడదులే నాయనా" అని కొడుకే చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు.

కోర్టులో ఏం జరిగిందో నేను చూడలేదు. సాయంత్రం కెప్టెన్ వచ్చి, ఈసారి చొక్కా విప్పకుండానే అడిగాడు.

"ఆఖరి మాట చెప్పమన్నప్పుడు నువ్వు వాడి చెవిలో ఏదో అన్నావు. ఆ వెంటనే వాడు లేచి, తుపాకీ పట్టను సార్ అన్నాడు. ఏం చెప్పావయ్యా?"

"కాలరు ఒక పక్క లేచింది సార్. సరిచేసుకోమన్నా."

"అంతేనా?"

"అంతే సార్."

ఏడాది జైలు, కొలువు పోయింది. చొక్కా భుజం మీది గుర్తులు పీకించి తిరుపాలుకిచ్చారు. తడిబట్ట వేసి నాతో అదిమితే సూది బెజ్జాలు పూడిపోయాయి. గుర్తులున్నచోట వెలిసిపోని ముదురు రంగు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయన చాలాసేపు అదిమాడు. తర్వాత బొగ్గులు ఒంపేశాడు.

గిద్దలూరులో బండికి రావడం ముందు మానుకున్నది రిటైరైన మిలిటరీవాళ్లే. పిరికివాడి బండి అన్నారు. అలాంటి మడత ఇంకెవరి చేతా కాదని తేలాక వాళ్లే మళ్లీ వచ్చారు. రోషం కన్నా మడత గట్టిది.

ఓబులేసు జైలు నుంచి వచ్చి బండి దగ్గర నిలబడ్డాడు. తిరుపాలు పోయాక కరెంటు పెట్టె వచ్చింది, నేను బండి అర మీదికెక్కాను. నా కడుపులో ఇప్పుడు రసీదులు, గుండీలు. వేడి ఎలా ఉండేదో కూడా మరిచిపోయాను.

పెళ్లికి పోయేవాళ్లు కొందరు బండి దగ్గరే చొక్కా మార్చుకుంటారు. వెనక ఎంతమంది నిలబడి తొందర పెట్టినా, ఆ చొక్కా వీధి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఓబులేసు ఇంకో బట్ట ముట్టడు.