మా ఆవిడ కట్టిన పంజరం

నేను ఇంజన్ల మనిషిని. ఇరవై రెండేళ్లుగా అదే పని. శబ్దం విని ఇంజనుకు ఏం జబ్బు చేసిందో చెప్పేస్తానని నలుగురూ అంటారు, నేనూ కాదనను. కానీ మా షెడ్డులో అసలైన పనిమంతులు ఎవరని ఎవరైనా అడిగితే మా ఆవిడను చూపిస్తాను. ఆమె ముందు మాత్రం ఆ మాట అనను. అంటే, "పొగడ్తలకేం గానీ, తీసిన స్పానర్లు తీసిన చోట పెట్టండి ముందు" అంటుంది.

పెళ్లికి ముందు నుంచీ ఆమె వెల్డరే. తొమ్మిదేళ్లు ఒక బాయిలర్ల కర్మాగారంలో గొట్టాలు అతికింది. అక్కడ ప్రతి అతుకుకూ ఎక్స్‌రే తీసేవారట. లోపల ఆవగింజంత బుడగ కనిపించినా కోసి మళ్లీ చేయాల్సిందే. ఆ కర్మాగారం మూతపడ్డాక మా షెడ్డుకు వచ్చింది. వచ్చిన వారంలోపే నేను అతికిన రెండు సైలెన్సర్లు తిప్పి తిప్పి చూసి, "ఇవి అతికినవా, అంటించినవా?" అని అడిగింది. ఆ తర్వాత నేను వెల్డింగు జోలికి పోలేదు.

మా తమ్ముడికి ముప్పై మూడేళ్లు. అయినా ఇంట్లో అందరికీ చిన్నోడే. వారమంతా ఆఫీసులో కూర్చుని పంపుల డ్రాయింగులు గీస్తాడు, సెలవొస్తే కొండ దారి పోటీలకు పరిగెత్తుతాడు. కింద నుంచి కొండ మీదికి ఒక్కో కారే వెళుతుంది, ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్లు గెలిచినట్టు. ఆ ఏడాది పై తరగతిలో పోటీ చేస్తానని వాడు ఒక పాత రెండు తలుపుల కారు ఈడ్చుకొచ్చాడు. సీట్లు లేవు, అద్దాలు లేవు, ఒట్టి డొల్ల.

ఆ తరగతిలో రోల్ కేజ్ లేని కారును దగ్గరకే రానివ్వరు. కారు లోపల ఉక్కు గొట్టాలతో కట్టే పంజరం అది. కారు పల్టీలు కొట్టినప్పుడు రేకు నలిగితే నలగనీ, మనిషి కూర్చున్న చోటు నలగకూడదు.

"రెడీమేడ్‌గా బోల్టులు బిగించేది దొరుకుతుంది వదినా. ఒక్క పూట పని" అన్నాడు చిన్నోడు.

మా ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. లోపల దూరి పైకప్పును వేళ్లతో తట్టింది.

"ఎవరి కారుకో కొలిచి చేసింది నీ కారుకు ఎలా సరిపోతుంది? నేను కడతాను. ఆరు వారాలు ఇవ్వు."

"ఆరు వారాలా! పోటీకి ఉన్నదే ఏడు వారాలు."

"సరిపోయింది కదా మరి. ఆ మిగిలిన వారం మీ అన్నయ్యది. ఇంజను పెట్టడానికి."

నా వాటా వారమే అని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి రెండు రోజులూ ఆమె గొట్టం ముట్టుకోనే లేదు. సీటు బిగించి, హెల్మెట్ పెట్టించి, బెల్టులు కట్టి, చిన్నోణ్ణి అందులో కూర్చోబెట్టింది. తల ఎటు వాలితే ఎక్కడ తగులుతుంది, మోకాలు ఎక్కడికి వస్తుంది, చెయ్యి ఎంత దూరం ఊగుతుంది, అన్నీ కొలిచి గోడ మీద సుద్దతో రాసుకుంది. వాడు చెమటతో తడిసి ముద్దయ్యాడు.

"వదినా, పెళ్లికొడుకును చేసేటప్పుడు కూడా నన్ను ఇంతసేపు కూర్చోబెట్టలేదు."

"అప్పుడు కదిలినా ఫరవాలేదు. ఇప్పుడు కదలకు."

మూడో రోజు గొట్టం వంచడం మొదలుపెట్టింది. కేజ్ మొత్తానికి వెన్నెముకలాంటిది సీటు వెనక నిలబడే పెద్ద కమాను. నేల నుంచి లేచి, పైకప్పును ఆనుకుంటూ అడ్డంగా పోయి, అవతలి వైపు నేలకు దిగుతుంది. మధ్యలో అతుకు ఉండకూడదు, ఒకే గొట్టాన్ని నాలుగు చోట్ల వంచాలి. చేత్తో తిప్పే మా బెండరు మీద ఒక్కో వంపుకు అరగంట పట్టింది. నాలుగో వంపు పూర్తయ్యాక కమానును నేల మీద పరిచి చూస్తే అచ్చు గీసినట్టుంది. నేను ఈల వేశాను. ఆమె మాత్రం ఒక వంపు లోపలి వైపు బొటనవేలితో తడుముతూ ఉండిపోయింది.

"ఇక్కడ ముడత పడింది."

నేను కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప కనిపించదు.

"ఇదీ ఒక ముడతేనా?"

"బరువు పడితే మొదట మడత పడేది ఇక్కడే" అని ఆ కమానును తీసుకెళ్లి షెడ్డు బయట నిలబెట్టేసింది. మర్నాడు పొద్దున్నే కొత్త గొట్టం బెండరుకు ఎక్కించింది. బయట పెట్టినదాని మీద మా అమ్మ వారం రోజులు దుప్పట్లు ఆరేసుకుంది.

తర్వాత మూడు వారాలు షెడ్డంతా ఆమెదే. ఒక గొట్టం కొస ఇంకో గొట్టం వీపు మీద సందు లేకుండా కూర్చోవాలి. అందుకోసం ఆ కొసను దోసిలిలా వంపుగా కోసి, ఆకురాయితో రాసి, పెట్టి చూసి, తీసి, మళ్లీ రాసేది. రెండు గొట్టాల మధ్య కాగితం ముక్క దూర్చేది. దూరితే మళ్లీ రాయడమే. ఒక్కో కొసకు పది పన్నెండు సార్లు. నేను ఇంజను పని చేసుకుంటూ ఓరకంట చూసేవాణ్ణి. విసుక్కోవడం ఒక్కసారి చూద్దామనుకున్నాను. చూడలేదు.

అసలు చిక్కు పైకప్పు దగ్గర వచ్చింది. కేజ్ పైకప్పుకు ఎంత దగ్గరగా ఉంటే తలకు అంత చోటు దొరుకుతుంది. అందుకని ఆమె రెండు వేళ్ల సందు మాత్రమే వదిలింది. ఆ రెండు వేళ్ల సందులో వెల్డింగు టార్చి దూరదు. అతుకుకు కింద భాగం, పక్కలు అందుతాయి. పై భాగం అందదు.

చిన్నోడు ఆ రోజు ఆఫీసు నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చాడు.

"చాలామంది కిందా పక్కలా అతికి వదిలేస్తారు వదినా. పైన ఎవరు చూస్తారు?"

"ఎక్స్‌రే లేదు కాబట్టి ఎవరూ చూడరు."

"అదే నేననేది."

"కారు తలకిందులైతే మొదట నేలకు తగిలేది ఏ వైపు?"

వాడి చూపు పైకప్పు మీదికి పోయింది.

"ఆ వైపే అతక్కుండా వదిలేయమంటావా?"

మర్నాడు ఆమె గ్రైండరు తీసుకుని కారు లోపలికి దూరింది. కాసేపటికి నేను తొంగి చూశాను. కేజ్ కాళ్లు ఆనే నాలుగు చోట్లా కారు అడుగు రేకుకు చదరంగా కన్నాలు కోసేస్తోంది.

"ఏం చేస్తున్నావే? నేలకే బొక్క పెడితే కేజ్ దేని మీద నిలబడుతుంది?"

"కాసేపు నిలబడకపోవడమే నాకు కావాలి. ఆ జాకీ ఇలా తోయండి."

కాళ్లను ఆ నాలుగు కన్నాల్లోంచి కిందికి దింపింది. అక్కడక్కడా చుక్కంత అతుకులు పెట్టి నిలిపి ఉంచిన కేజ్ మొత్తం జానెడు లోతుకు దిగిపోయింది. పైకప్పుకూ గొట్టాలకూ మధ్య ఇప్పుడు చెయ్యి తిరిగేంత చోటు. నేను నోరు వెళ్లబెట్టి నిలబడ్డాను.

ఆ జానెడు చోటులో ఆమె రెండు రోజులు పనిచేసింది. వెల్లకిలా పడుకుని, మెడ ఒక పక్కకు విరిచి, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో అతుకులో కరిగించే తీగ పట్టుకుని. కొన్ని చోట్ల అతుకు నేరుగా కనిపించదు. అక్కడ పైకప్పుకు చిన్న అద్దం అంటించి, అద్దంలో చూస్తూ అతికింది. అద్దంలో చెయ్యి ముందుకు కదిలితే వెనక్కి కదిలినట్టుంటుంది. నాకైతే అలా గడ్డం గీసుకోవడమే ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆమె చేతి కింద లోహం చిన్న చిన్న అలలుగా కరిగి, మంచి దర్జీ వేసిన కుట్టులా గొట్టం చుట్టూ తిరిగొచ్చింది. ఒక నిప్పురవ్వ చొక్కా కాలరులో పడి మెడ కాలింది. అతుకు పూర్తయ్యేదాకా ఆమె కదల్లేదు.

అంతా అయ్యాక కేజ్‌ను జాకీతో పైకి లేపి, కాళ్ల కింద మందపాటి రేకుతో చేసిన పెట్టెలు తోసి, వాటిని కాళ్లకూ అడుగు రేకుకూ అతికేసింది. వెనక ఊతాలూ తలుపుల అడ్డ గొట్టాలూ చివర్న పడ్డాయి. రంగు వేసే ముందు మా అమ్మ ఒకసారి షెడ్డులోకి వచ్చింది. చిన్నోడి పందాలంటే ఆమెకు గిట్టదు, వాటి ఊసెత్తితే లేచి వెళ్లిపోతుంది. ఆ రోజు మాత్రం పెద్ద కమానును రెండు చేతులతో పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఊపి చూసింది. కారంతా ఊగింది గానీ కమాను కదల్లేదు.

"గట్టిగానే ఉంది" అని వెళ్లిపోయింది.

పోటీకి ముందు రోజు తనిఖీ. తనిఖీ చేసే పెద్దాయన అంటే డ్రైవర్లందరికీ హడల్. ఆ రోజు అప్పటికే రెండు కార్లను వెనక్కి పంపేశాడు. మా కారులో తల దూర్చి, గొట్టాల మందం కొలిచి, కేజ్ కాళ్ల దగ్గర తట్టి, చివరికి అందరూ వదిలేసే చోటికే చెయ్యి పోనిచ్చాడు. పైకప్పు సందులో, అతుకు పై భాగానికి. ఆయన వేళ్లు ఒక చోట ఆగి, అక్కణ్ణుంచి మెల్లగా గొట్టం చుట్టూ నడిచాయి. జేబులోంచి పొడుగు కాడ ఉన్న అద్దం తీసి లోపల పెట్టి చూశాడు. మళ్లీ వేళ్లతో తడిమాడు.

బయటికి వచ్చి నన్ను అడిగాడు, "ఎవరు చేశారు?"

నేను మా ఆవిడ వైపు చూపించాను.

"నేల కోసి దింపారా అమ్మా?"

"అవునండీ. జానెడు."

ఆయన బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. మైదానం అవతల ఇంకో కారు చూస్తున్న తన మనుషులిద్దరినీ చప్పట్లు కొట్టి పిలిచాడు. "ఇలా రండి. ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి" అని ఒక్కొక్కరి చేతినీ ఆ సందులోకి పంపించాడు. వాళ్లు తడుముతున్నంతసేపూ మా ఆవిడ నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె సిగ్గుపడగా నేను చూసింది అదే.

మర్నాడు చిన్నోడి వంతు పది గంటలకు వచ్చింది. కారు మొదటి మలుపు తిరిగి కనుమరుగయ్యాక మాకు మిగిలింది శబ్దమే. నేను ఇంజను వింటున్నాను. గేరు మారింది, మళ్లీ మారింది, బ్రహ్మాండంగా పాడుతోంది. ఉన్నట్టుండి టైర్లు కీచుమన్నాయి. తర్వాత రేకు నలిగే చప్పుడు, ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత ఇంజను ఆగిపోయింది.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ప్రారంభం దగ్గరున్న మనిషి రేడియోలో అడుగుతున్నాడు, అవతలి నుంచి గరగర తప్ప ఏమీ లేదు. ఎంతసేపో తెలియదు. రెండు నిమిషాలే అని తర్వాత చెప్పారు.

"డ్రైవరు తనంతట తనే బయటికొచ్చాడు. నడుస్తున్నాడు" అని వినిపించింది.

మా ఆవిడ నా మోచెయ్యి వదిలింది.

వాణ్ణి జీపులో కిందికి తెచ్చారు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మొహం సున్నం కొట్టినట్టు ఉంది. మా ఆవిడ ఎదురెళ్లింది.

"మెడ తిప్పు. ఇటు. అటు. వేళ్లు ఆడించు."

వాడు బుద్ధిగా అన్నీ చేశాడు. డాక్టరు వచ్చి చూసి ఏమీ లేదన్నాక అప్పుడు భుజం మీద ఒక్కటేసింది. "బ్రేకు ఎక్కడ తొక్కావురా?" అంది. మరిదిని ఆమె 'రా' అనడం నేను వినడం అదే మొదలు. వాడు నవ్వబోయి ఏడ్చేశాడు.

కారును షెడ్డుకు తెచ్చి చూశాం. పైకప్పు రేకు గొట్టాల మీదికి దిగి, వాటికి తడిగుడ్డలా అంటుకుపోయింది. పెద్ద కమాను ఒక పక్కకు రెండు వేళ్లు ఒరిగింది. సీటు చుట్టూ చోటు మాత్రం అలాగే ఉంది. ఏ అతుకూ విడలేదు.

"కమానును నిలబెట్టి సరిచేస్తే ఇంకో సీజను నడుస్తుందేమో వదినా" అన్నాడు చిన్నోడు.

"వంగిన గొట్టం దాని పని అది చేసేసింది. మళ్లీ చేయమని అడగలేం" అని ఆమె రంపం అందుకుంది.

గొట్టాలు కోసి పారేస్తుందనుకున్నాను. పారేయలేదు. ప్రతి అతుకునూ వేరు చేసి, నిలువునా చీల్చి, లోపలి వైపు ఆకురాయితో రాసి, బల్ల మీద వరుసగా పెట్టింది. బాయిలర్ల కర్మాగారం ఎక్స్‌రేకు బదులు అన్నమాట. రెండు రోజులు పట్టింది. అద్దంలో చూస్తూ అతికిన ముక్కలన్నీ లోపల ఒకే లోహంలా ఉన్నాయి, ఏ గొట్టం ఎక్కడ ఆగిందో తెలియలేదు. నేను ఉబ్బిపోతూ ఒక్కోటీ చేతిలోకి తీసుకుంటుంటే, ఆమె స్టూలు మీద కూర్చుని ఒకే ముక్కను చూస్తోంది.

"ఇది చూడండి."

అతుకు లోపల వెంట్రుకంత సన్నని గీత. గోరు పొడవున రెండు గొట్టాలూ కలవలేదు.

"ఇది ఎక్కడిది?"

"ఎడమ ముందు కాలు దగ్గరిది. హాయిగా కూర్చుని, రేడియోలో పాటలు వింటూ అతికినది." ఆ గీత మీద గోరు ఆనించింది. "అక్కడ బరువు పడలేదు కాబట్టి సరిపోయింది. పడి ఉంటే?"

సాయంత్రం చిన్నోడు రాగానే ఆ ముక్క వాడి చేతిలో పెట్టి, ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. వాడు దాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. నేను ఏదో సర్దిచెప్పబోతే ఇద్దరూ నన్ను మాట్లాడనివ్వలేదు.

"వదినా, ఆ దారిలో భయంకరమైన మలుపులు నాలుగున్నాయి" అన్నాడు చివరికి. "నాలుగూ దాటేశాను. నేను పడ్డది అందరూ కళ్లు మూసుకుని తిప్పే మలుపులో."

ఆమె వాడి వైపు చూసింది. "అయితే ఇద్దరికీ పని ఉంది" అంది.

రెండు నెలలకు ఇంకో డొల్ల దొరికింది. ఈసారి చిన్నోడు ఆరు వారాల గురించి నోరెత్తలేదు. తనిఖీ పెద్దాయన పంపించాడంటూ ఇద్దరు డ్రైవర్లు కూడా తమ కార్లు తెచ్చి షెడ్డు ముందు పెట్టి వెళ్లారు. మా ఆవిడ కొత్త కేజ్‌ను ఎడమ ముందు కాలు నుంచి మొదలుపెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని, ముసుగు దించుకునే ముందు నా వైపు తిరిగి, "ఏమండీ, ఆ రేడియో కట్టేయండి" అంది.

కట్టేశాను.