దెబ్బ తగిలితే ఎవరిని పిలవాలి

“ఈయాల మా గుంటని పనిలోంచి తీసేస్తారు, నాకు తెల్సు,” అంది ఎర్రమ్మ, బంగళా వంటగది మెట్టు మీద బూడిదతో అంట్లు తోముతూ. అప్పటికింకా దొరసాని నిద్రే లేవలేదు.

“ఆదివారం దాకా చూస్తానంది కదా లా. ఇంకా మూడ్రోజులుంది. ముందే ఏడుపెందుకు?” అన్నాడు మనీలా నుంచి వచ్చిన వంటవాడు ఫెలీపె. మలయాలోని ఈ సుంగై సుమున్ కొబ్బరితోటలో పదేళ్లున్నాడు. కూలిలైన్ల తెలుగు కొంత పట్టుబడింది, మాట చివర మలయ్ ‘లా’ మాత్రం పోలేదు.

ఎర్రమ్మ కూతురు తవిటమ్మకు పదమూడేళ్లు. దొరసాని పాపను ఆడించడం దాని పని. చెయ్యి నెమ్మదే గానీ గొంతు లేదు. తేలు కుట్టినా పెదవి కొరుక్కునేది. మొన్న పాప ఉయ్యాల్లోంచి జారబోతే ఒడుపుగా పట్టుకుంది, కేక మాత్రం వెయ్యలేదు. అరవలేని పిల్లను పాప దగ్గర ఉంచుకోనంది దొరసాని. ఇక్కణ్ణించి తీసేస్తే కలుపుపనే గతి. అక్కడ జలగలు, మురుగు, జ్వరం. ఎర్రమ్మ బిడ్డలు ముగ్గురు ఆ జ్వరంతోనే పోయారు. మూడోవాడు పోయిన నాటికే ఆమెకు ఏడుపు రావడం మానేసింది. భయం ఒక్కటే మిగిలింది.

ఫెలీపె పిల్లను పిలిచి కూర్చోబెట్టాడు. “చెయ్యి కాలితే ‘ఔచ్’ అను. ఏదైనా పగిలితే ‘ఓ డియర్’. పాప పడబోతే ‘లుక్ అవుట్’, అది గట్టిగా. దొరసాని కొత్త టోపీ పెట్టుకుంటే ‘హౌ లవ్లీ’. టోపీ బాగోకపోయినా అనాల్సిందే.”

తవిటమ్మ నవ్వలేదు.

“నాకూ రాదు ముందు. చెయ్యి కాలితే ‘ఇనా కో’ అనేవాణ్ణి. మా అమ్మా అని. ఎవర్ని పిలుస్తున్నావని దొరసాని అటూ ఇటూ చూసేది. వీళ్లు దెబ్బ తగిలితే ఎవర్నీ పిలవరు. మీరేటంటారు?”

ఎర్రమ్మ చెయ్యి ఆగింది. “అమ్మా అంటాం.”

“మరి ఈ పిల్ల అనదే?”

ముగ్గురు పోయాక పుట్టిన బిడ్డ అది. పురిట్లోనే చేటలో పడుకోబెట్టి, పక్కింటి కూర్మమ్మకు గుప్పెడు తవుడుకి అమ్మి, మళ్లీ తెచ్చుకుంది. అందుకే ఆ పేరు. ఎవరి బిడ్డో చావుకి తెలియకూడదని పిన్నీ అని పిలిపించుకుంది. చిన్నతనంలో పడి “అమ్మా” అన్నప్పుడల్లా నోటి మీద కొట్టింది. ఆ నోరు అలాగే మూసుకుపోయింది.

ఇదంతా ఫెలీపెకు చెప్పలేదు. “ఆ ఔచ్చో ఏటో, అంటే దోషం నేదు కదా బాబూ?” అని మాత్రం అడిగింది.

“అందులో ఎవరి పేరూ లేదు. దోషం ఎక్కడిది?”

మూడు రోజులూ ఎర్రమ్మ అంట్ల దగ్గర కూర్చోబెట్టి పిల్లచేత ఆ మాటలు అనిపించింది. పెదవులు కదిలేవి, అంతే.

ఆదివారం పొద్దున తవిటమ్మ పాపను చంకనేసుకుని పాలకోసం వంటగదిలోకి వచ్చింది. పొయ్యి మీది కెటిల్ ఒరిగింది. పిల్ల గిర్రున తిరిగి పాపను అవతలికి తిప్పింది. మరిగే నీళ్లు దాని మోచేతి మీద పడ్డాయి.

ఫెలీపె పాపను అందుకున్నాడు. మెట్టు మీద అంట్లు తోముతున్న ఎర్రమ్మ లేచొచ్చింది. దొరసాని గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. తవిటమ్మ పెదవి కొరుక్కుంది. అందరూ దాని నోటికేసే చూస్తున్నారు.

“అమ్మా,” అని అరిచింది.

బంగళా అంతా వినబడింది. పాప ఏడుపందుకుంది. దొరసాని బిడ్డను గుండెకు హత్తుకుని ఏదో అంది.

“గొంతుంది కదా, ఉండనీ అంటోంది,” అన్నాడు ఫెలీపె. “ఎవర్ని పిలుస్తోందీ అని కూడా అడుగుతోంది.”

ఎర్రమ్మ బూడిద చేతులతో అలాగే నిలబడింది. పలికితే వినేవాళ్లు వింటారు. ముగ్గుర్ని తీసుకెళ్లిన చావూ వింటుంది. కెటిల్ మూతి నుంచి నీళ్లు నేల మీదికి కారుతున్నాయి.

“అమ్మా,” అంది పిల్ల మళ్లీ, ఈసారి మెల్లగా.

కారుతున్న నీళ్లు చుక్కలయ్యాయి. చుక్కలూ ఆగిపోయాయి.

“ఓ,” అంది ఎర్రమ్మ. “ఇక్కడే ఉన్నానే.”