ఓడ దిగిన మేనల్లుడు

సోమవారానికి వినోద్ కుమార్ ఓడ దిగి పదకొండు రోజులైంది. జమ్మలమడుగు నేల ఇంకా ఊగుతూనే ఉంది.

తొమ్మిది నెలలు అతను విహార నౌకలో దుప్పట్లు ఇస్త్రీ చేశాడు. ఓడ ఊగితే ఒంటిని ఎటు వంచాలో కాళ్లు నేర్చుకున్నాయి. ఇప్పుడు ఓడ లేదు. ఆ సంగతి కాళ్లకు చెప్పేవాళ్లు లేరు. నిలబడితే ఎడమకు వాలతాడు, సర్దుకోబోయి కుడికి వాలతాడు. పళ్లు తోముకునేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించాలి. డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, ఓడల్లో పనిచేసేవాళ్లకు ఇది మామూలే, దానంతటదే పోతుందన్నాడు. ఎప్పుడు పోతుందో చెప్పలేదు.

ఆదివారం పులివెందుల చర్చిలో అతని ప్రధానం, అంటే ఉంగరాలు తొడిగి పెళ్లి ఖాయం చేయడం. పెళ్లికూతురు మంజుశ్రీ అతని మేనమామ కూతురే, ఆర్టీసీలో కండక్టరు. మేనమామ ఆనందయ్య ఆ చర్చిలో పెద్ద. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక తాగుడు మానమని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నడక చూసి తాగుబోతును వంద గజాల నుంచే పట్టేస్తానంటాడు.

ఆ సోమవారం వినోద్ మామను చూడ్డానికి పులివెందుల పోయాడు. గేటు నుంచి వసారాకు పన్నెండు అడుగులు. ఏడో అడుగులో మోటారు సైకిలు పట్టుకున్నాడు, పదో అడుగులో కిటికీ ఊచ.

"యాడ నేర్చినావురా?" అన్నాడు ఆనందయ్య.

"ఏంది మామా?"

"తాగేది."

"తాగలేదు మామా. నేల ఊగుతాంది."

"తాగినోళ్లంతా చెప్పేది అదే గదరా."

ఆదివారంలోగా తాగలేదని రుజువు చేసుకోకపోతే ప్రధానం లేదని ఆనందయ్య తేల్చేశాడు.

వినోద్ తిరుగు బస్సెక్కాడు. ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు పోయే పల్లెవెలుగు అది. డ్యూటీలో ఉన్నది మంజుశ్రీ. బస్సు కదిలింది. నేల ఆగిపోయింది. వినోద్ కమ్మీ వదిలి చూశాడు. నిలబడగలిగాడు. జమ్మలమడుగులో దిగలేదు. ప్రొద్దుటూరు దాకా పోయి, అదే బస్సులో పులివెందులకు తిరిగొచ్చాడు. మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగాడు. బుధవారం కూడా అంతే.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బస్సులో డబ్బిచ్చి టికెట్టు కొనేవాళ్లు తగ్గారు.

"డిపోవాళ్లు నీకు సన్మానం చేస్తారంట బావా," అంది మంజుశ్రీ.

డ్రైవరు గౌస్ మొహిద్దీన్ అద్దంలోంచి చూశాడు. "ఏమప్పా, పెండ్లైనంక గూడా కాపురం ఈడనేనా?"

వినోద్ ఆమెకు ఉన్న సంగతి చెప్పాడు. మంజుశ్రీ ఆశ్చర్యపోలేదు. "డ్యూటీ దిగినంక నాకూ కాసేపు ఇల్లు కదుల్తాది బావా. నాయన ఎప్పుడూ సూల్లేదు, అంతే. నువ్వు బస్సు దిగొద్దు. నాయన్నే ఎక్కిస్తా."

శుక్రవారం ఆనందయ్య జమ్మలమడుగులో తన చెల్లెలు నిర్మలను, అంటే వినోద్ తల్లిని, చూసి తిరిగి పోతున్నాడు. కూతురు ఫోన్‌లో చెప్పిన బస్సే ఎక్కాడు. సీట్లు లేవు. వినోద్ నడవలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, కమ్మీ పట్టుకోకుండా. ముద్దనూరు దాటాక గొర్రెలమంద అడ్డం వచ్చి గౌస్ మొహిద్దీన్ బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లంతా ముందుకు పడ్డారు. ఆనందయ్య వినోద్ మీద పడ్డాడు. వినోద్ కదల్లేదు.

ఆనందయ్య తమాయించుకుని, మేనల్లుడి నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. "ఈ పొద్దు తాగలేదు," అని బస్సు మొత్తానికి చెప్పాడు.

"దేవుడు సల్లగ సూడనీ," అంది సీట్లో ఉన్న ఒక అవ్వ.

పులివెందుల బస్టాండులో దిగారు. మూడో అడుగులో వినోద్ ఎడమకు వాలి అరటిపండ్ల బండి పట్టుకున్నాడు.

"బస్సులో యాడ తాగినావురా?" అన్నాడు ఆనందయ్య.

"ఇంగ సాలు నాయనా," అంది మంజుశ్రీ. "డిపోకు పదండి. డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లు ఊదే మిషను ఉంది గదా, బావ దాంట్లో ఊదుతాడు."

దారిలో కొళాయి దగ్గర ఆనందయ్య ఆగాడు. మందు వేళయింది. సంచిలోంచి సీసా తీసి రెండు మూతలు మింగి, నోరు తుడుచుకుని బయల్దేరాడు.

మిషను దగ్గర జగదీష్ అనే గుమాస్తా ఉన్నాడు. బయటివాళ్లు ఊదకూడదన్నాడు. "పెండ్లి సంగతప్పా," అని గౌస్ మొహిద్దీన్ బతిమాలితే కొత్త గొట్టం తగిలించి ఇచ్చాడు.

వినోద్ ఊదాడు. సున్నా వచ్చింది.

"మిషను సెడిపోయింది," అన్నాడు ఆనందయ్య.

గౌస్ మొహిద్దీన్ ఊదాడు. మళ్లీ సున్నా. "నువ్వే ఊది సూడు సారూ," అన్నాడు.

ఆనందయ్య గుండె నిండా గాలి పీల్చి ఊదాడు. మిషను కూత పెట్టింది. తొంభై ఆరు. ఆ అంకె వచ్చిన డ్రైవరును ఇంటికి పంపుతారు.

మంజుశ్రీ తన తండ్రి సంచిలోంచి సీసా తీసి చీటీ చదివింది. ద్రాక్షారిష్టం. అడుగున సన్న అక్షరాల్లో, ఇందులో సహజంగా పుట్టిన ఆల్కహాలు ఉంటుందని రాసి ఉంది.

"ఎన్నేండ్ల నుంచి నాయనా?"

"అరుగుదలకమ్మా," అన్నాడు ఆనందయ్య. "పద్నాలుగేండ్లు."

జగదీష్ రిజిస్టరు తెరిచాడు. "పేరు చెప్పండి. కూత పెడితే రాయాల."

ఆనందయ్య మేనల్లుడి వైపు చూశాడు.

"మామ జన్మలో తాగలేదప్పా," అన్నాడు వినోద్. "నా మాట నమ్ము. కావాలంటే నడిపించి సూడు."

ఆనందయ్య మిషను దగ్గర్నుంచి గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. గీత గీసినట్టు నడిచాడు. జగదీష్ రిజిస్టరు మూశాడు.

ఇంటికి పోతూ ఆనందయ్య ఒకే మాట అన్నాడు. "ఆదివారం తొమ్మిదికంతా రా."

ఆదివారం చర్చి నిండింది. పాస్టరు అందర్నీ లేవమన్నాడు. పాట మొదలైంది. వినోద్ ఎడమకు వాలాడు, కుడికి వాలాడు. వెనక వరసలో గుసగుసలు పుట్టాయి. పాడుతూ ఊగే కుర్రకారును రెండుసార్లు మందలించిన ఆనందయ్య వచ్చి మేనల్లుడి భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. అతనితో పాటు ఎడమకు వాలాడు, కుడికి వాలాడు. రెండో చరణానికి ఆ వరసంతా ఊగింది. మూడో చరణానికి ఆడవాళ్ల వైపు కూడా అందుకున్నారు.

"ఏంది సారూ, నువ్వు గూడానా?" అంది వెనక నుంచి వనజమ్మ.

"పాట అట్లాంటిది వనజమ్మా. గమ్మున పాడు."

పాట అయిపోయింది. చర్చి అంతా ఆగింది. వినోద్ ఆగలేదు. మంజుశ్రీ ఉంగరం పట్టుకుని ఎదురుగా నిలబడింది. అతను అటు వాలి తిరిగి ఇటు వచ్చేదాకా చూసి, వచ్చిన చెయ్యి పట్టుకుని ఉంగరం తొడిగింది.