అమావాస్య గడవలేదు

సావుకారు నాగప్ప మనుషులు కురుమూర్తి మగ్గం మీది పడుగు పోగులను కత్తితో అడ్డంగా కోసేశారు. గద్వాలలో మా నేతగాళ్ల వాడంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఎవరమూ కదల్లేదు. కురుమూర్తిని ఠాణాకు ఈడ్చుకుపోతుంటే ఆయన భార్య పెంటమ్మ చీర అంచుకు పోగు తోలే నాడె చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె ఏడవలేదు. మాకు ఏడుపే కాదు, సిగ్గు కూడా రాలేదు.

ఆయన చేసిన నేరమేమిటో వినండి. యుద్ధం రోజులవి, నూలుకు కరువు. వాడ కోసం వచ్చిన నూలును నాగప్ప తన కొట్లో పెట్టుకుని నచ్చినవాళ్లకే ఇచ్చేవాడు. దాన్ని అందరి ముందు పంచాలని, పంచేవాళ్లను మేమే ఎన్నుకుంటామని కురుమూర్తి అడిగాడు. అంతే.

అంతకుముందు మేమూ అడిగాం. గుంపుగా నాగప్ప అరుగు ముందుకు పోయి తలా ఒక మాట మాట్లాడేవాళ్లం. నాగప్ప అంతా విని, మాలో ఒకణ్ణి లోపలికి పిలిచి నూలుకట్ట చేతిలో పెట్టేవాడు. మిగిలినవాళ్లం వాణ్ణి తిట్టుకుంటూ ఇళ్లకు వచ్చేవాళ్లం. మేము సావుకారును ఎదిరించిన తీరు ఇదీ, థూ!

"కొట్లాడుడేదో ఇంట్ల కొట్లాడుదాం. గడప దాటినంక ఒక్కటే మాట ఉండాలె" అని కురుమూర్తి చెప్పీ చెప్పీ విసిగిపోయాడు.

కురుమూర్తిని పట్టుకుపోయిన మరునాడు అమావాస్య. ఆ రోజు మేము మగ్గం ముట్టం. సావుకార్లు కూడా దానికి అడ్డు చెప్పరు. వాడంతా పెంటమ్మ ఇంట్లో చేరింది. కురుమూర్తిని వదిలేదాకా మగ్గాలు ఆపుదామన్నాడు శ్రీరాములు. హన్మంతు కుదరదన్నాడు. తన మగ్గం మీద సగం చీర ఉంది, ఆ పడుగునూ కోసేస్తే తన పిల్లలు ఏం తినాలని అడిగాడు. సావుకారు మనిషివంటూ నలుగురు ఆయన్ను బయటికి నెట్టబోయారు.

పెంటమ్మ లేచింది. "ఉండనియ్యుండ్రి. గా భయం మనందరికి ఉంది. గది ఈడ్నే మాట్లాడుకోవాలె."

అప్పుడు మాట్లాడుకున్నాం. ఎవరి పడుగు కోసినా వాడంతా కూర్చుని పోగులు అతకాలని, ఉన్న గింజలు పంచుకుని తినాలని తేలింది. హన్మంతు భయపడి అడగకపోతే ఆ సంగతి మాకు తట్టేది కాదు. శ్రీరాములు చేతులెత్తమన్నాడు. మగవాళ్లు ఎత్తారు.

"మమ్ముల అడగరా?" అంది హన్మంతు భార్య ఈదమ్మ. "అంచు నాడె తోలేది మేమే గద."

నిజమే. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. పక్కన కూర్చుని అంచు నాడె అందించే మనిషి లేకపోతే మగవాడెంత నేసినా అంచు అంచే, ఒళ్లు ఒళ్లే, రెండూ కలవవు. ఇన్నేళ్లూ ఆ మనిషిని మేం లెక్కలోకే తీసుకోలేదు. మళ్లీ చేతులెత్తాం, ఈసారి ఆడవాళ్లతో కలిపి. హన్మంతు చెయ్యి అందరికంటే ఆఖరున లేచింది. వాడ తరఫున పెంటమ్మ మాట్లాడాలని, ఆమెను పట్టుకుపోతే ఈదమ్మ మాట్లాడాలని అనుకున్నాం.

తెల్లారి మగ్గాల చప్పుడు లేదు. నాగప్ప తానే వాడలోకి వచ్చాడు.

"అమావాస్య నిన్ననే పాయె గద. ఇంక మగ్గమెక్కరేంది?"

పెంటమ్మను అడగమని ప్రతి గుమ్మంలోనూ చెప్పారు. ఆయన హన్మంతు దగ్గర ఆగి నూలుకట్ట అందించబోయాడు. హన్మంతు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పెంటమ్మను అడగమని ఆయనా అన్నాడు.

పెంటమ్మ తెగిన పోగులు అతుకుతూ కూర్చుంది. తల ఎత్తలేదు. "ఆయన ఇంటికొచ్చి మగ్గం గుంటల కాళ్లు పెట్టేదాక మాకు అమావాస్యనే. నూలు మేమే పంచుకుంటం."

సాయంత్రం ఠాణావాళ్లు ఆమెను కూడా తీసుకుపోయారు. ఈసారి మేం గుమ్మాల్లో నిలబడలేదు, ఠాణా దాకా వెంట నడిచాం.

మరునాడు నాగప్ప మళ్లీ వచ్చాడు. ఇక ఎవరితో మాట్లాడాలని హన్మంతును అడిగాడు. హన్మంతు తన ఇంటి వైపు చూశాడు. గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది.

"ఈదమ్మను అడుగుండ్రి" అన్నాడు.