ముందే వచ్చిన మోత

వాడ కళల పండుగ రేపు సాయంత్రం. స్వరూప డప్పు మోత మాత్రం ఈరోజు మధ్యాహ్నమే వచ్చేస్తుంది.

ఆ సమయానికి స్వరూప మేడ మీద బట్టలు ఆరేస్తోంది. డప్పు గోడకు వేలాడుతోంది. దాన్ని ఇంకా మంట దగ్గర కాగబెట్టనే లేదు. మోత వీధి మొదట్లో బయల్దేరి, ఒక్కో గడప దగ్గరా కాసేపు నిలబడి, బడి మైదానం దాకా వెళ్తుంది. తన చేతి దెబ్బను ఆమె గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? కుడిచేతి పుల్ల బరువు, ఎడమచేతి పుల్ల అల్లరి, అన్నీ తనవే.

కానీ ఆ మోతలో ఇంకో వాద్యం కూడా ఉంది. అది హలీమా మర్ఫా.

పిండేసిన చీరనే స్వరూప మళ్లీ పిండుతుంది. రేపు వాయించాల్సింది తనొక్కతే. హలీమాతో మాటల్లేక ఏడాది కావస్తోంది. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఈ మేడ మీదే సాధన చేశారు. పోయిన పండుగకు కలిసి వాయిస్తే, పేపరువాళ్లకు హలీమా తన పేరొక్కటే చెప్పింది. అంతకు మించి ఏమీ జరగలేదు. స్వరూపకు మాత్రం ఆ కాస్తే మింగుడు పడలేదు.

కింద జనం చప్పట్లు కొట్టి ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోతారు. పక్కింటి మలయాళీ నర్సు మేరీ ఆంటీ తల పైకెత్తి, "చాలా బాగ వాయించావమ్మా" అంటుంది. స్వరూప "థ్యాంక్స్ ఆంటీ" అంటుంది.

సాయంత్రం ఆమె మైదానానికి వెళ్లేసరికి కమిటీ పెద్ద కాశీనాథ్ సార్ బోర్డు మీద ఆమె పేరు తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

"నా పేరెందుకు తుడుస్తున్నరు సార్?"

"నీది అయిపోయింది గదమ్మా. అందరం విన్నం. విన్నదే మళ్ల వినమంటే జనం ఊకుంటరా?"

"మోత ఒచ్చింది గని, నేను రాలే గద సార్."

కాశీనాథ్ సార్ గుడ్డ పక్కన పెట్టి ఆలోచిస్తాడు. ఆయన అన్యాయం చేసే మనిషి కాదు.

"అయితే రేపు నువ్వు రా. మోత మాత్రం తేవద్దు. ఇంకో పిల్లను గూడ తీస్కరా. మోతల ఇద్దరుండి స్టేజి మీద ఒక్కరుంటే అడిగేటోళ్లకు నేనేం చెప్పాలె?"

హలీమా ఇల్లు ఒకప్పుడు నాలుగిళ్ల అవతల ఉండేది. ఈ ఏడాదిలో వీధి సాగింది. మధ్యలో కొత్త ఇళ్లు మొలిచాయి. ఒక ఇంట్లో బెంగాలీలు చేపలు వేయిస్తున్నారు, ఇంకో ఇంట్లో ఎవరో మరాఠీలో పిల్లల్ని కోప్పడుతున్నారు. స్వరూప ప్రతి గుమ్మం దగ్గరా ఆగి దారి అడుగుతుంది. ఎవరి భాషలో వాళ్లు ఇంకొంచెం ముందుకు వెళ్లమంటారు. చీకటి పడే వేళకు ఆ ఇల్లు వస్తుంది.

తట్టకముందే తలుపు తెరుచుకుంటుంది. హలీమా చాలాసేపటి నుంచి దాని వెనకే నిలబడినట్టుంది.

"నువ్వు గూడ విన్నవా?" అంటుంది స్వరూప.

"విన్న. అందుల నేను నీకంటే ఎనకబడ్డ."

"ఎనకబడలే. నేను అందుకునేదాక ఆగినవ్."

హలీమా గడప మీద కూర్చుంటుంది. "పేపరాయన అడిగినప్పుడు నీ పేరు మర్చిపోలే, స్వరూపా. ఒక్కసారన్న నా ఒక్కదాని పేరు రావాలనిపించింది."

స్వరూప ఆమె పక్కన కూర్చుంటుంది. "నాకు గూడ అట్లనే ఉండె," అంటుంది. "ఆయన నన్ను అడగలే, గంతే."

మర్నాడు ఇద్దరూ స్టేజి ఎక్కుతారు. స్వరూప పుల్ల ఎత్తి తోలు మీద వేస్తుంది. చప్పుడు రాదు. హలీమా చేతుల కింద మర్ఫా కూడా పలకదు. జనంలో ఎవరో దగ్గడం స్పష్టంగా వినబడుతుంది. వరస తప్పినా తెలియదని స్వరూపకు భయం వేస్తుంది. అప్పుడామె హలీమా భుజం చూస్తుంది. అది లేచినప్పుడు తనూ లేస్తుంది, దిగినప్పుడు దిగుతుంది. కొంతసేపటికి చూడాల్సిన అవసరం కూడా ఉండదు.

దెబ్బల వేగం పెరిగేసరికి మేరీ ఆంటీ ఇల్లు పునాదిలోంచి పాదాలు తీసి నడిచి వస్తుంది. దాని వెనకే చేపల వాసనతో బెంగాలీల ఇల్లు, ఆ వెనక తక్కినవన్నీ వస్తాయి. జనం వెనక మెట్లు మడిచి కూర్చుంటాయి.

"కొంచెం జరగండి, ఎనకోళ్లకు కనపడాలె," అని కాశీనాథ్ సార్ వాటికి చెబుతాడు. ఇళ్లు సర్దుకుంటాయి.

చివర్లో ఒక చిన్న రేకుల గదికి ఏమీ కనబడదు. అది మునివేళ్ల మీద లేచి చూస్తుంది, లాభం లేదు. పక్కనున్న మూడంతస్తుల భవనం వంగి, దాన్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుంటుంది. ఆ రేకుల గదిలో అన్నం తింటున్న ముసలాయన గిన్నె జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, కిటికీలోంచి స్టేజి వైపు చూస్తూ, ఎంగిలి చేత్తో తొడ మీద దరువు వేస్తాడు.