మొదటి వాక్యం తర్వాత

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో నేను నంద్యాలలోని ఒక బాలికల జూనియర్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాను. ఇంటర్మీడియెట్ తర్వాత మా పిల్లల చదువు సాధారణంగా ఆగిపోయేది. మగపిల్లలతో కలిసి చదివే కళాశాలకు తల్లిదండ్రులు పంపేవారు కారు. మా వద్దనే డిగ్రీ తరగతులు తెరవాలని దరఖాస్తు పెట్టుకొన్నాము. పరిశీలన కోసం విశ్వవిద్యాలయం వారు ఫిబ్రవరిలో ముగ్గురు సభ్యుల సంఘాన్ని పంపుతున్నట్లు ఉత్తరం వచ్చింది.

విద్యార్థినుల పక్షాన మాట్లాడడానికి చెంచులక్ష్మిని ఎన్నుకొన్నాను. ఆమె అహోబిలం ఆలయంలో ఆళ్వారుల దివ్యప్రబంధం పారాయణం చేసే శేషాద్రి కుమార్తె. ఆళ్లగడ్డలో మేనత్త ఇంట ఉండి రోజూ బస్సులో వచ్చేది. శేషాద్రి నాతో ముందే తేల్చి చెప్పాడు: "ఆడపిల్లల డిగ్రీ కాలేజీ నంద్యాలలో ఉంటే చదివిస్తా సార్. లేదంటే ఇంటర్‌తో చాలు. తిరుపతికీ అనంతపురానికీ పంపేది లేదు."

ఆ పిల్ల భవిష్యత్తు ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడి ఉందని గ్రహించి, మూడు పుటల ఆంగ్ల ప్రసంగం రచించాను. అందులో ఒక్క దోషమైనా లేదని నేటికీ నా విశ్వాసం. పది రోజులు ఆమె చేత వల్లె వేయించాను.

"ఏందే చెంచూ, బస్సులో గూడా ఇంగ్లీషు గొణుగుతాండావ్? కండక్టరు నిన్ను దొరసాని అనుకుంటాండాడు!" అని అదే బస్సులో వచ్చే ఆళ్లగడ్డ వర్తకుని కూతురు ఆదిలక్ష్మి ఎగతాళి చేసేది.

"నవ్వు, నవ్వు. నీకూ ఉంది పని," అనేది చెంచులక్ష్మి.

పరిశీలన దినాన సంఘాధ్యక్షులు ఆచార్య బాలసుబ్రహ్మణ్యం గారు గదులన్నీ చూసి, హాలులో విద్యార్థినులందరి ఎదుట కూర్చొని, కలం మూత తీశారు.

"భవనం బాగుంది ప్రిన్సిపాల్ గారూ. కానీ ఇంటర్ అయ్యాక ఈ పిల్లలను ఎవరు పంపుతారు? ఖాళీ బెంచీలకు మేము అనుమతి ఇవ్వలేము."

"మా విద్యార్థిని సమాధానం చెబుతుంది," అన్నాను గర్వంగా.

చెంచులక్ష్మి వేదిక ఎక్కింది. చదువుకోవడానికి వచ్చాము, చదువు ముగియకుండా వెళ్లదలచలేదు అనే అర్థం గల మొదటి వాక్యాన్ని నిర్దుష్టమైన ఆంగ్లంలో పలికింది. ఆపైన ఆగిపోయింది.

ముందు వరుసలో ఉన్న నేను రెండవ వాక్యాన్ని మెల్లగా అందించాను. ఆమె నా వైపు చూసింది గాని అందుకోలేదు. మరికొంత పెద్దగా అందించాను. అధ్యక్షులు కలానికి మూత పెట్టారు.

అప్పుడు మూడవ వరుసలో రామమ్మ లేచింది.

"మాది గోస్పాడు సార్. ఈడ పై క్లాసు పెడితే మిరప కోతకు మనిషిని పెట్టుకుంటాగానీ నిన్ను మాన్పియ్యనని మా నాయన చెప్పినాడు."

ఆమె కూర్చోగానే అనసూయ లేచింది. "మాది బేతంచెర్ల. మా నాయన బండలు పాలిష్ పడతాడు. నాకు లెక్కల్లో తొంభై ఒకటి వచ్చినాయి. పై లెక్కలు ఈడ చెప్తే ఈడికే వస్తా."

"చదువు మాన్పించి ఇంట్లో పెడితే మా అంగట్లో జన్మంతా చక్కెర పొట్లాలు కడతా సార్," అంది ఆదిలక్ష్మి. "ఆ పని నాకు బాగా వచ్చు. నాకది చాలదు."

హాలంతా నవ్వింది. నవ్వు తగ్గేలోగా మరొకతె లేచింది, ఆపైన ఇంకొకతె. ఒకరి మాట మీద మరొకరు పడలేదు. చెంచులక్ష్మి చూపు ఏ వరుస మీద నిలిస్తే ఆ వరుసలో ఒకతె లేచింది. ఒక అమ్మాయి లేచి, మొదటి మాటకే తడబడి, పక్కపిల్ల చెయ్యి పట్టుకొంది.

"మీ ఊరి పేరు చెప్పు, చాలు," అంది చెంచులక్ష్మి.

"ప్యాపిలి," అని ఆ పిల్ల కూర్చొంది.

నలభై ఒక్కమంది మాట్లాడారు. అధ్యక్షుల కలం మళ్లీ తెరుచుకొని ఒక్కొక్క ఊరి పేరూ రాసుకొంది. నేను ఆంగ్లేయ ఆచార్యుల వద్ద చదివినవాణ్ణి, ఎందరో వక్తలను విన్నవాణ్ణి. పదిహేడేళ్ల పిల్ల మౌనంగా నిలబడి ఒక సభను నడపడం చూస్తుంటే, ఆ హాలులో అందరికంటె చిన్నవాణ్ణి నేనేననిపించింది.

"ప్రసంగం మీరే రాసిచ్చారా?" అని బాలసుబ్రహ్మణ్యం గారు అడిగారు.

"మొదటి వాక్యం మాత్రమే నాది, ఆచార్యా," అన్నాను.

వారు వెళ్లాక ఆమెను పిలిచాను. "తక్కినది మరచిపోయావా?"

"లేదు సార్, అంతా వచ్చు. చెప్పమంటారా?"

"మరి ఎందుకు ఆగావు?"

"గుళ్లో మా నాయన ఒక్క మాట ఎత్తుకొని ఆగుతాడు సార్. మిగిలినోళ్లు అందుకుంటారు. అంతా ఆయనే చెప్తే ఇంగ పదిమంది కలిసి చెప్పే గోష్ఠి ఎందుకు?"

"నీకు ఎవరు నేర్పారు?"

"ఆడోళ్లకు ఎవరు నేర్పుతారు సార్? గడప ఇవతల నిలబడి వింటాండ్యా."

జ్ఞానప్రకాశమనే పేరుగల క్రైస్తవుణ్ణి నేను. ఆ సన్నిధిలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. నా మూడు పుటలు బల్ల సొరుగులో పెట్టేశాను.

జూన్‌లో అనుమతి పత్రం వచ్చింది. ప్రవేశాలు మొదలైన ఉదయం శేషాద్రి కూతురితో కలిసి నా గది ముందు నిలబడ్డాడు.

"చేర్చుకోండి సార్. పొద్దు గూకేలోపల ఆళ్లగడ్డ బస్సు దొరికితే చాలు."

దరఖాస్తు ఆయన చేతికిచ్చి తలెత్తి చూశాను. ఆయన వెనుక, కూతుళ్లను వెంటబెట్టుకొని, అదే బస్సు దిగిన తండ్రులు మరి నలుగురు నిలబడి ఉన్నారు.