మనోయుద్ధానికి నలభై రెండు పేజీలు

నా పేరు వెంకటకృష్ణ. టేకులపల్లి మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారిని. పత్తిలో పురుగు పడితే రైతులు నాకు ఫోన్ చేస్తారు. పడకపోయినా చేస్తారు. వారమంతా చేల గట్ల మీద తిరిగి, ఆదివారం మధ్యాహ్నం మాత్రం చందూలాల్ సెల్‌ఫోన్ రిపేరు షాపులో, షట్టర్ సగం దించుకుని, ఒక మాయాలోకాన్ని నడుపుతాను.

అది హైదరాబాద్ హాస్టల్లో నేర్చుకున్న ఆట. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే కథ. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఏం చేయదలచుకున్నారో చెప్పాలి, అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేదీ, శత్రువులందరి తరఫునా మాట్లాడేదీ నేనే. చందూలాల్ కత్తివీరుడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే హైమ విలుకత్తె. పక్క తండాలో అంగన్‌వాడీ టీచరైన రూప్లక్క యోగిని. ఎదుటివాడి మనసులోకి దూరి పోరాడగలదు.

ఆ పోరాటానికి ఇన్నాళ్ళూ ఒకటే నియమం. చెరో పాచిక వేయాలి, ఎక్కువ పడ్డవాళ్ళు గెలిచినట్టు. మనసంటే మరీ అంత చులకనా అని నాకు ఒళ్ళు మండేది. ఆరు నెలలు కూర్చుని మనోయుద్ధానికి నలభై రెండు పేజీల నియమావళి చేత్తో రాశాను. మొత్తం ఐదు దాడులు: భయం, భ్రమ, అనుమానం, దురాశ, మరుపు. ఒక్కోదానికి ఒక పట్టిక. ఆ పట్టికలు చూసి హైమ పగలబడి నవ్వింది.

"సార్, గిది పురుగుమందుల చార్టు లెక్కనే ఉన్నది!"

నిజమే. దాడి, లక్షణాలు, నివారణ, మోతాదు. అనుమానం తగిలినవాడు రెండు వంతులు ధ్యానం చేయాలని రాసి, పక్కనే "అవసరమైతే వారం తర్వాత మరోసారి" అని కూడా చేర్చాను. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఒక్క యుద్ధం ఆడి చూద్దాం సార్," అన్నాడు చందూలాల్. "ఐదింటికి నేను షాపు తెరవాలె. గప్పటిదాంక తేలితే మీ బుక్కు ఉంచుదాం. తేలకపోతే మళ్ళ పాత పాచికలే."

సరేనని నవ్వాను గానీ లోపల బెరుకే. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఈ ముగ్గురూ ఒక్కసారి మెచ్చుకోవాలనే ఆరు నెలలు రాశాను. టేకులపల్లిలో నాతో పురుగు సంగతి కాక మరో సంగతి మాట్లాడేది వీళ్ళే.

శత్రువుగా పుస్తకంలోనే ఒక గట్టివాణ్ణి రాసిపెట్టాను. తొమ్మిది వందల ఏళ్ళుగా కోటలో ఒంటరిగా ఉంటున్న మాంత్రిక రాజు. అతని మనోబలం అరవై, యోగినిది ఇరవై నాలుగు. బలం సున్నాకు పడితే ఓటమి, ఓడిన మనసు గెలిచినవాళ్ళకు బానిస అవుతుందని పదిహేడో పేజీలో ఉంది.

రెండింటికి మొదలుపెట్టాం. ఒక్కో వంతు లెక్క తేలడానికి అరగంట పట్టింది. ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి, మోతాదులోంచి మినహాయింపులోకి పోవాలి మరి. చందూలాల్ కాసేపు కాలిక్యులేటర్ నొక్కి, ఆ తర్వాత ఎవరిదో పగిలిన ఫోన్ ముందేసుకుని స్క్రూలు విప్పసాగాడు. హైమ గోడకు ఆనుకుని నిద్రపోయింది. నేను గొంతు పెంచి చదివాను. అయినా లేవలేదు.

నాలుగూ నలభైకి యోగినికి పంతొమ్మిది మిగిలాయి, రాజుకు యాభై రెండు. ఈ లెక్కన యుద్ధం తేలేది బుధవారానికి. ఇక నా పుస్తకం పని అయిపోయిందని తెలిసిపోయింది.

"సారూ," రూప్లక్క పాచికను పక్కన పెట్టింది. "నేనిప్పుడు రాజు మనసుల ఉన్న కదా. ఆడ ఏం కనపడ్తున్నది?"

ఇరవై మూడో పేజీ తీసి గర్వంగానే చదివాను. నల్లరాతి కోట. నూరు గదులు. ఏ గదిలోనూ దీపం లేదు, మనిషి అలికిడి లేదు.

"ఎవ్వరు రారా గాయన దగ్గరికి?"

"యుద్ధానికి వస్తారక్కా. వచ్చినవాళ్ళను చంపేస్తాడు."

"గట్ల కాదు. చుట్టాలు?"

"తొమ్మిది వందల ఏళ్ళలో ఒక్కరూ రాలేదు."

"అయ్యో," అంది, నిజంగానే నొచ్చుకుంటూ. "అయితే నేను చుట్టం లెక్క పోతున్న."

"అలాంటిది లేదక్కా. దాడులు ఐదే. వాటిలో ఒకటి చెప్పాలి."

"ఏంది సారూ, ఒకలింటికి పోతే కొట్టుడేనా?"

నాకు కోపం వచ్చింది. ఆ నియమం ఎక్కడుందో చూపిద్దామని పేజీలు తిప్పుతున్నాను. ఆమె లేచి వచ్చి, నా భుజాల మీద చేతులు వేసి, తల వంచి, రాగం తీసి ఏడవసాగింది.

చాన్నాళ్ళకు కలిసిన చుట్టాన్ని తండాల్లో ఆడవాళ్ళు అలా పట్టుకుని, పాటలాగా ఏడుస్తూ పలకరిస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్టాండులో ఇద్దరు అలా ఏడుస్తుంటే చూసి, "పోయింది ఎవరమ్మా?" అని పరామర్శించాను. ఇద్దరూ ఏడుపు ఆపి నన్ను చూసి పడీపడీ నవ్వారు. చెల్లెలు ములకలపల్లి నుంచి వచ్చిందట, అంతే.

హైమ ఉలిక్కిపడి లేచింది. "ఏమైంది? ఎవలకేమైంది?"

రూప్లక్క పాడేది లంబాడీలో. చందూలాల్ ఇంట్లోనూ అదే భాష. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మెల్లగా మాకు చెప్పాడు.

"నిన్ను చూడక ఎన్నేండ్లాయె అంటున్నది. గింత చిక్కిపోయినవు, దాహమైతే నీళ్ళిచ్చేటోళ్ళు లేకపాయె, జరమొస్తే నుదురు ముట్టి చూసెటోళ్ళు లేకపాయె అంటున్నది. గింత ఆలస్యం చేసి వస్తిని, నన్ను తిట్టు అంటున్నది."

రాజు తరఫున జవాబు చెప్పాల్సింది నేను. నివారణ కోసం వెతికాను. భయానికుంది, భ్రమకుంది, దీనికి లేదు. మాది కల్లూరు. సెలవులకు నేనే అక్కడికి పోతాను, ఇక్కడికి ఎవరూ రారు. నాలుగేళ్ళలో నా కిరాయి గది గడప తొక్కింది ఇంటి ఓనరొక్కడే. రాజు కోట గురించి రాసేటప్పుడు ఇదేమీ నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. దుఃఖం ఆగలేదు. కన్నీళ్ళు పుస్తకం మీద పడి ఇరవై మూడో పేజీ సిరా అంతా అలుక్కుపోయింది.

"బీపీ చూడాల్నా సార్?" అంది హైమ కంగారుగా.

"రాజుకు ఎంత తగ్గింది?" అన్నాడు చందూలాల్.

"మొత్తం," అన్నాను ముక్కు తుడుచుకుని. "సున్నా."

"పాచిక ఎయ్యలే కదా?"

"అక్కర్లేదు."

చందూలాల్ గడియారం చూశాడు. ఐదుకు ఇంకా ఐదు నిమిషాలున్నాయి. "తేలింది కదా సార్. బుక్కు ఉంచుదాం. కానీ గిది గూడ రాయండ్రి అండ్ల."

అక్కడికక్కడే రాశాను. ఆరోది: చుట్టరికం. లక్షణాలు: మాట పెగలకపోవడం, కంట నీరు. నివారణ గడి ఖాళీగా వదిలేశాను. తర్వాత పెద్దమనిషి తరహాగా సర్దుకుని ప్రకటించాను. "నియమం ప్రకారం రాజు ఇకనుంచి నీకు బానిస అక్కా."

"బానిసేంది, సిగ్గులేకుంట!" రూప్లక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏడ్చి పలకరించినంక బువ్వ పెట్టకుంట పంపుతమా? నేను మా తండకు తీస్కపోతున్న. ఏం తింటడు?"

పేజీలన్నీ తిరగేశాను. రాజు ఎవరిని ఎలా చంపుతాడో వివరంగా ఉంది. ఏం తింటాడో ఎక్కడా లేదు. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు.

"వేడిగా ఉంటే చాలక్కా," అన్నాను. "ఏదైనా తింటాడు."

రాజులా గొంతు మార్చి చెప్పడం మరిచిపోయాను. రూప్లక్క నన్ను ఒక క్షణం చూసి, సంచి భుజాన వేసుకుంది.

"లే తమ్మీ. జల్దీ. ఆటో ఎల్లిపోతది."

పుస్తకం షాపులోనే వదిలేసి వచ్చానన్న సంగతి, తండాలో రెండో రొట్టె తింటున్నప్పుడు గుర్తొచ్చింది.